మైదానంలో మీసాల మహాలక్ష్ములు

అడగండి – చెబుతాం

చలికాలం రాగానే ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఊళ్లలో చందాల ఆటలు మొదలవుతాయి. బడికి బోరు, ఎవరికో ఆపరేషను, అనాథాశ్రమానికి దుప్పట్లు అంటూ కారణం ఏదైనా, మగవాళ్లు చీరలు కట్టుకుని మైదానంలోకి దిగితే జనం మూగుతారు. దీని మీద పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా చీరల క్రికెట్‌లో గాల్లోకి లేచిన బంతి ఫీల్డరు పవిట మడతలో పడి అక్కడే ఉండిపోయింది. అవుటని ఒకరు, కాదని ఒకరు. గొడవ అయ్యేసరికి ఆట ఆగింది. ఎవరిది సరి? (గుణుపురం)

అవుటే. క్రికెట్ చట్టాల్లో 33వది క్యాచ్ గురించి. బంతి నేలకు తగలకముందు ఫీల్డరు బట్టల్లో అనుకోకుండా చిక్కుకుంటే అది చెల్లే క్యాచ్. ఇక్కడ ‘అనుకోకుండా’ అన్నదే ముఖ్యం. ఫీల్డరు రెండు చేతులతో పవిట చాచి జోలెలా పట్టి బంతిని ఆపితే 28వ చట్టం కిందికి వస్తుంది. బట్టను చేతులతో సాగదీసి ఫీల్డింగు చేసినందుకు బ్యాటింగు జట్టుకు 5 పరుగులు జరిమానాగా వస్తాయి. చీరల ఆటలో ఈ ఒక్క నిబంధన అమలు చేస్తే చాలు, సగం నవ్వులు అక్కడే పుడతాయి. అంపైరు జేబులో చట్టాల కాగితం పెట్టుకుని, గంభీరంగా చదివి, 5 పరుగులు ఇవ్వాలి.

మిగతా పేచీలు కూడా ఇప్పుడే తేల్చుకోండి. బంతి బ్యాటరు కుచ్చిళ్లలో చిక్కుకుంటే ఆ క్షణమే అది డెడ్ బాల్, అంటే ఆ బంతి ఆట అక్కడితో ఆగినట్టే. ఫీల్డరు వెళ్లి కుచ్చిళ్లలోంచి బంతి తీసి క్యాచ్ అనడానికి లేదు, అసలు బ్యాటరు చీర మీద చెయ్యి వేయడానికే లేదు. బంతి కాళ్ల ముందరి చీరకు తగిలితే ఎల్బీడబ్ల్యూ లెక్కలో ఒంటికి తగిలినట్టే, ఎందుకంటే చట్టం దృష్టిలో వేసుకున్న బట్టలూ మనిషిలో భాగమే. అదే లెక్కన షాట్ కొడుతూ తిరిగినప్పుడు పవిట చెంగు బెయిల్‌ను పడేస్తే హిట్ వికెట్. కొట్టిన వెంటనే మొదటి పరుగుకు బయలుదేరుతూ పడేసినా అంతే. రెండో పరుగుకు తిరిగేటప్పుడు పడితే మాత్రం అవుట్ కాదు. ఈ తేడా తెలిసిన అంపైరునే పెట్టుకోండి.

ఒక్కచోట మాత్రం సొంత నిబంధన రాసుకోవాలి. పరుగు తీసేవాడి చీర కొంగు క్రీజు లోపల ఈడ్చుకుపోతూ, మనిషి బయటే ఉంటే? మా సలహా: కొంగు చెల్లదు, బ్యాటో కాలో చెయ్యో లోపల ఆనాలి. టాస్ వేసేటప్పుడే ఇది మైకులో చెప్పేయండి.

ప్రశ్న: పరుగెత్తితే చీర ఊడిపోతోంది. ఎలా కట్టాలి? ఎన్ని పిన్నీసులు పెట్టాలి? (పర్లాకిమిడి, రాయగడ)

పిన్నీసులు ఎన్ని పెట్టినా చీర నిలవదు. పైగా పడినప్పుడో, ఇద్దరు గుద్దుకున్నప్పుడో తెరుచుకుని పొట్టలోకి, అరచేతిలోకి దిగుతాయి. ఆడేవాడి ఒంటి మీద ఒక్క పిన్నీసు కూడా లేకుండా చీర నిలబెట్టడమే అసలు పని.

ముందు బట్ట సంగతి. జార్జెట్, షిఫాన్, సాటిన్ పాలిస్టర్ జారిపోతాయి. గంజి పెట్టిన కొత్త నూలు చీర నిలుస్తుంది కానీ గొడుగులా విచ్చుకుని కాళ్లకు అడ్డం పడుతుంది. పదిసార్లు ఉతికిన మెత్తటి నూలు చీరో, నూలూ పాలిస్టరూ కలిసిన మరమగ్గం చీరో మేలు. ఇక బరంపురం పట్టు! కుంభం అంచు చీర కట్టుకుని దిగితే ఫొటోకు బాగుంటుందని ఒకాయన రాశారు. బాగానే ఉంటుంది, మట్టిలో ఒక్క డైవ్ కొట్టేవరకు. బీరువాలోని పట్టుచీర బీరువాలోనే ఉండనివ్వండి.

లోపల మోకాలి దాకా వచ్చే నిక్కరు, ఒంటికి పట్టిన టీషర్టు తప్పనిసరి. లంగా వద్దు. లంగా బొందు గట్టిగా కడితే ఊపిరి ఆడదు, నడుము చుట్టూ ఒరుసుకుంటుంది. వదులుగా కడితే చీరతో పాటు అదీ జారుతుంది. దానికి బదులు 4 సెంటీమీటర్ల వెడల్పు ఎలాస్టిక్ పట్టీని నడుము కొలతకన్నా 6, 7 సెంటీమీటర్లు తగ్గించి కత్తిరించి, చివర్లు కలిపి కుట్టి, నిక్కరు మీద వేసుకోవాలి. చీర దోపేది ఈ పట్టీలోకే.

కట్టేటప్పుడు అంచు చీలమండకు ఒక జానెడు పైన ఉండాలి. మామూలుగా మడమ దాకా దించి కట్టడం వల్లే సగం మంది బోర్లా పడుతున్నారు. వెనక్కి నడిచేటప్పుడు మడమ కింద అంచు పడి, మనిషి వెల్లకిలా పోతాడు, తల నేలకు తగిలేది అప్పుడే. ఎత్తి కట్టడం వల్ల మిగిలే బట్టను నడుము దగ్గర లోపలికి మడవండి. కుచ్చిళ్లు 5 చాలు, ఒక్కోటి అరచెయ్యంత వెడల్పు. వాటిని పట్టీలోకి దోపాక, పట్టీ నుంచి కిందికి ఒక జానెడు మేర పెద్ద పెద్ద కుట్లతో టాకా వెయ్యండి. ఆట అయ్యాక ఒక్క దారం లాగితే ఊడివస్తుంది, అరువు చీరకు చిల్లు పడదు. పవిటను భుజం మీద టీషర్టుకు ఇలాగే నాలుగు టాకాలు వేసి, వేలాడే చెంగును వెనకనుంచి నడుము చుట్టూ తిప్పి పట్టీలో దోపేయాలి. మెడ చుట్టూ మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు.

ఎక్కువ పరుగులున్న ఆటకు గోచీ కట్టే సరైనది. చీరను వెనకనుంచి నడుముకు చుట్టి ముందు ముడి వేసి, పొడుగు భాగాన్ని పవిటగా భుజం మీదికి తెచ్చి, మధ్యలో మిగిలినదాన్ని కుచ్చిళ్లు పోసి దోపి, ఆ కుచ్చిళ్ల అడుగు అంచును కాళ్ల సందునుంచి వెనక్కి లాగి నడుము వెనక దోపాలి. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు, అటు మరాఠీ వైపు తొమ్మిది గజాల చీర కట్టేవాళ్లు రోజంతా పని చేసేది ఈ కట్టుతోనే. దానికి 8 మీటర్ల పైచిలుకు బట్ట కావాలి. మామూలు చీర 5.5 మీటర్లే కాబట్టి, దాంతో గోచీ పోస్తే పవిట పొట్టిగా వస్తుంది. లావుపాటి మనిషికైతే అసలు చాలదు. అలాంటివాళ్లను వికెట్ కీపింగుకు పెట్టి మామూలు కట్టు కట్టండి.

ఆటకు ముందు రోజు ఒకసారి పరీక్షించండి. పిచ్ పొడుగునా రెండు పరుగులు, నాలుగుసార్లు కూర్చుని లేవడం, ఒకసారి చెయ్యెత్తి బౌలింగు. అప్పటికీ చీర నిలిస్తే ఆటకు నిలుస్తుంది.

ప్రశ్న: మీసం తీసేయాలా? జడ, మేకప్ ఎలా? (బరంపురం)

మీసం తీయకండి. తీస్తే మిగిలేది సరిగా కుదరని ఆడవేషం, ఉంచితే మీసాల మహాలక్ష్మి.

సైకిల్ మీద వచ్చే విగ్గులవాడి దగ్గర కొన్న విగ్గు రెండో ఓవరుకే కళ్ల మీదికి జారుతుంది. నల్ల ఊలు 100 గ్రాములు తెచ్చి మూడు పాయల జడ అల్లి, తలకు పట్టే వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండుకు కుట్టండి. జడ భుజాల దాకానే ఉండాలి, నడుము దాకా పోతే వెనకవాడి చేతికి చిక్కుతుంది. సవరం, జడగంటలు, హెయిర్‌పిన్నులు వద్దు. గాజులు ప్లాస్టిక్‌వే వేయండి, మట్టిగాజు విరిగితే మణికట్టు కోసుకుపోతుంది. ముక్కుపుడక, చెవి జూకాలు కాగితంతో చేసి అతికించుకోవచ్చు.

కాటుక, లిప్‌స్టిక్ ఒకే డబ్బాలోంచి జట్టు మొత్తానికి పూయకండి. కళ్లకలక అలాగే అంటుకుంటుంది. ఒక్కొక్కరికి వేరే ఇయర్‌బడ్ తీసుకుని, ఒకసారి వాడింది మళ్లీ డబ్బాలో ముంచకుండా పూయాలి. హోలీ రంగులు మొహానికి వాడకండి, చెమటతో కళ్లలోకి దిగుతాయి. నుదుట కుంకుమ కూడా చెమటకు కారి మండుతుంది, స్టిక్కరు బొట్టు పెట్టండి. కాళ్లకు పారాణి సరదాగానే ఉంటుంది, కానీ రోజుల తరబడి పోదు. సోమవారం ఆఫీసుకు చెప్పుల్లో వెళ్లేవాళ్లు ఆలోచించుకోండి. ఆట అయ్యాక కొబ్బరినూనె రాసి, దూదితో తుడిచి, తర్వాత సబ్బు పెట్టాలి.

రవిక లోపల బుడగలు, బంతులు పెట్టడం గురించి ముగ్గురు అడిగారు. వద్దు. పగిలినా జారినా ఆట ఆగుతుంది. పైగా అది చూసి నవ్వేవాళ్లకన్నా తల తిప్పుకుని ఇంటికెళ్లే ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లతో పాటు వాళ్ల చందా కూడా పోతుంది.

ప్రశ్న: క్రికెట్ కాకుండా ఏ ఆటలు పెట్టవచ్చు? కబడ్డీ పెడదామనుకుంటున్నాం. (రాయగడ)

చీరలతో కబడ్డీ పెట్టకండి. రైడరును కాళ్లు, చేతులు, నడుము పట్టి ఆపాలి గానీ బట్ట పట్టుకోకూడదు. అయిదున్నర మీటర్ల బట్ట చుట్టుకున్నవాణ్ని బట్ట తగలకుండా ఎలా పడతారు? ప్రతి రైడుకూ విజిలే. ఫుట్‌బాల్‌లో కాలు కుచ్చిళ్లకు తట్టుకుంటుంది. ఆడి తీరాలంటే నడక ఫుట్‌బాల్ పెట్టండి, పరుగెత్తినవాడు ఫౌల్.

వాలీబాల్ బాగుంటుంది, మనిషికి మనిషి తగలరు. మగవాళ్ల నెట్టు ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. వేషం ఆడది కాబట్టి నెట్టు కూడా 2.24కు దించండి. అంత తక్కువ ఎత్తులో కూడా చీరతో ఎగిరి స్మాష్ కొట్టలేకపోతే జనానికి పండగే.

తాడు లాగుడు అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ప్రమాదం. జట్టుకు 8 మంది. పోటీల్లో వాడే తాడు చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు ఉంటుంది, పొడుగు 33.5 మీటర్లకు తగ్గదు. లారీలకు కట్టే సన్నటి నైలాన్ తాడు తెస్తే అది సాగి, తెగి, కొరడాలా వెనక్కి కొడుతుంది. ఎవరూ తాడును చేతికి చుట్టుకోకూడదు, నడుముకు కట్టుకోకూడదు. చేతికి చుట్టుకున్న తాడు బిగిస్తే వేళ్లు తెగిన ఘటనలున్నాయి. పవిట చెంగు తాడుతో పాటు గుప్పిట్లోకి వస్తుంది కాబట్టి ముందే దోపేయాలి. మధ్య గుర్తు 4 మీటర్లు జరిగితే గెలుపు.

క్రికెట్ అయితే మెత్తటి టెన్నిస్ బంతి వాడండి, ఈ మధ్య వస్తున్న బరువు టెన్నిస్ బంతి కాదు. 8 మంది, 6 ఓవర్లు. పవిటలూ వేషాలూ సర్దుకునే ఆగుళ్లతో కలిపి గంటన్నర పడుతుంది. డిసెంబరులో మన వైపు అయిదున్నరకే చీకటి పడుతుంది కనక మూడింటికే టాస్ వెయ్యండి. మార్చి దాటాక మధ్యాహ్నం ఆట పెట్టకండి, టీషర్టు మీద రవికా చీరా ఉంటే ఒళ్లు ఉడికిపోతుంది. ప్రతి రెండు ఓవర్లకు నీళ్లు, మధ్యలో ఒకసారి ఓఆర్ఎస్ ఇవ్వండి. గెలిచారని పాలిస్టర్ చీరల పక్కన టపాకాయలు కాల్చకండి. ఐసు, క్రేప్ బ్యాండేజీ దగ్గర పెట్టుకోండి. అంబులెన్సుకు ఒడిశాలోనూ 108 నంబరే.

ప్రశ్న: మగాళ్లు ఆడవేషం వేయడం పరువు తక్కువని మా సంఘం పెద్దలు అడ్డు చెబుతున్నారు. ఏమని చెప్పాలి? (బరంపురం)

ఆ పెద్దల ఊళ్లోనే రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్రకు మొక్కు చెల్లించుకోవడానికి జనం రకరకాల వేషాలు కడతారని గుర్తు చేయండి. గంజాం జిల్లా జానపద ప్రదర్శన దండనాటలో ఆడపాత్రలు కట్టేది మగవాళ్లే. ఒడిశా గోటిపువలో అబ్బాయిలు ఆడపిల్లల వేషంలో నర్తిస్తారు. మన నాటకరంగానికి వస్తే, ఆడపాత్రలకే పేరు పొందిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూడటానికి జనం ఎగబడేవారు. చందాల కోసం వేషం వేయడం కూడా కొత్తేమీ కాదు. అమెరికా దక్షిణాది పల్లెటూళ్లలో చర్చికీ బడికీ డబ్బు పోగు చేయడానికి ఊరి మగవాళ్లే పెళ్లికూతురు నుంచి పేరంటాళ్ల దాకా అన్ని పాత్రలూ కట్టిన ఉత్తుత్తి పెళ్లిళ్లు వందేళ్ల కిందట బాగా నడిచాయి. సంఘం పెద్దను అంపైరుగా పిలవండి, అభ్యంతరం సగం తగ్గుతుంది.

ప్రశ్న: కామెంటరీ ఎలా ఉండాలి? పోయినసారి మైకు దగ్గరివాడి జోకులకు ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. (పర్లాకిమిడి)

వెళ్లిపోవడమే సబబు. ‘ఆడదానిలా ఆడుతున్నాడు’ అన్న మాట ఒక్కటి చాలు, ఆట చెడిపోవడానికి. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్ కెర్ కర్మాగారం ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు విరాళాల కోసం ఆడితే చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులోనే, ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగదంటూ అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వకుండా నిషేధించింది. దాదాపు 50 ఏళ్లు అది తొలగలేదు. ఆడటం రానిది ఆడవాళ్లకు కాదు. చీర కట్టుకుని ఆరు ఓవర్లు ఆడలేక నానా తంటాలు పడుతున్నది మీ జట్టు. కామెంటరీ ఆ తంటా మీదే నడవాలి.

అందుకే ఆటను నిజంగా ఆడాలి. కావాలని పడటం, కావాలని బంతి వదలడం రెండు నిమిషాలకే విసుగు పుట్టిస్తాయి. గెలవాలనే కసితో పరుగెత్తుతున్నవాడు కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంటే అదే నవ్వు. హిజ్రాలను ఎగతాళి చేసే మాటలు, చప్పట్ల అనుకరణ వద్దు. వాళ్లలో కొందరు మీ ఊరి సంతలోనే ఉంటారు, పిలిస్తే చందా కూడా ఇస్తారు.

భాష సంగతి: మీ ఊళ్లో సగం మంది ఒడియా, సగం మంది తెలుగు. ఒకే జోకును రెండుసార్లు చెబితే రెండోసారి ఎవరూ నవ్వరు. ఇద్దరు కామెంటేటర్లను పెట్టి ఓవరు మార్చి ఓవరు ఇవ్వండి. స్కోరు మాత్రం ప్రతి ఓవరు చివర రెండు భాషల్లోనూ చెప్పాలి.

ప్రశ్న: డబ్బు ఎలా పోగు చేయాలి? లక్కీ డ్రా పెట్టవచ్చా? లెక్కల మీద అనుమానాలు వస్తున్నాయి. (గుణుపురం, జయపురం)

డబ్బు తీసుకుని చీట్లు అమ్మి లక్కీ డ్రా తీస్తే అది ప్రైవేటు లాటరీ, నేరం. మంచి పనికైనా మినహాయింపు ఉందనుకోకండి. దానికి బదులు ఆటలోనే అమ్మే సరుకు ఉంది. 50 రూపాయలిస్తే బ్యాటరు చేతికి తాటాకు విసనకర్ర ఇచ్చి ఒక బంతి ఆడించడం, 100 ఇస్తే బౌలరు ఎడమచేత్తో వేయడం, 200 ఇస్తే ప్రత్యర్థి కెప్టెన్ జడ విప్పి మళ్లీ అల్లుకునేదాకా ఆట ఆపడం. ఓవరుకు ఒకటే అమ్మండి. మొదట్లో జనం పోటీ పడి కొంటారు, కానీ అంతకు మించితే ఆట ఎక్కడా సాగక చిన్నపిల్లల తల్లులు లేచిపోతారు.

ఖర్చులు చందాలోంచి తీయకండి. మైకు, టెంటు, నీళ్లు, బంతుల ఖర్చు ఊరి దుకాణదారుల దగ్గర ముందే విడిగా అడగండి, వాళ్ల పేర్లు మైకులో చెప్పండి. అప్పుడు ‘హుండీలో పడింది పడినట్టు వెళుతుంది’ అని ధైర్యంగా అనవచ్చు. హుండీకి రెండు తాళాలు, తాళంచెవులు వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి. ఆట అయిన వెంటనే మైదానంలోనే అందరి ఎదుటా లెక్కపెట్టి మొత్తం చెప్పాలి. క్యూఆర్ కోడ్ స్టిక్కరు మీద ఇంకొకరి స్టిక్కరు అతికించే మోసాలున్నాయి కాబట్టి, చెల్లించేటప్పుడు ఏ పేరు కనిపించాలో పక్కనే పెద్ద అక్షరాలతో రాయండి. ఖాతా ఒక్కరి పేరున కాకుండా ఇద్దరి సంతకాలతో నడిచేదిగా ఉంటే మంచిది. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు, ఆ గుర్తింపు ఉన్న నమోదైన సంస్థే ఇవ్వగలదు. నగదుగా 2,000 రూపాయలు దాటిన విరాళానికి ఆ మినహాయింపు రాదు, చెక్కు గానీ యూపీఐ గానీ అడగండి.

మైదానం కోసం మునిసిపాలిటీకో ఎన్.ఏ.సీ.కో (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్), మైకు కోసం పోలీసులకు ముందే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు నిషేధం.

ప్రశ్న: కొత్తగా ఉంటుందని ఆదివాసీ ఆడవాళ్ల వేషం కట్టాలనుకుంటున్నాం. (జయపురం)

కట్టకండి. గదబ, బోండా ఆడవాళ్ల గుడ్డలు, మెడ కడియాలు వాళ్లకు గౌరవం, వేషం కాదు. వాళ్లు మీ వారపు సంతకు వచ్చి సరుకు అమ్ముకునేవాళ్లు. అదే మైదానం పక్కనుంచి నడిచిపోతారు. మీ ఇంటి చీరలతో మిమ్మల్ని మీరు నవ్వించుకోండి.

ప్రశ్న: అరువు తెచ్చిన చీరలు పాడయ్యాయని వదినగారు మూడు నెలలుగా మాట్లాడటం లేదు. ఈసారి జాగ్రత్తలు చెప్పండి. (రాయగడ)

తెచ్చేటప్పుడే చీర కొంగు మూలకు పేరు రాసిన చిన్న గుడ్డపీలిక టాకా వేయండి. లేకపోతే చివర్లో పదహారు చీరలు ఒకే గుట్టలో కలిసి, మీ వదినగారిది ఇంకొకరి ఇంటికి పోతుంది. ఫాల్ కుట్టిన చీర తీసుకోకండి, అంచు తొక్కితే ఫాల్ చిరిగి చీరను కూడా గుంజుతుంది. చెమటతో తడిసిన చీరలను సంచిలో కుక్కి రాత్రంతా ఉంచడం వల్లే ఒకదాని రంగు ఒకదానికి అంటుతుంది. ఆట కాగానే తాడు మీద విడివిడిగా ఆరేయండి. మట్టి పూర్తిగా ఎండాక దులిపి తర్వాత తడపాలి, తడిమీద రుద్దితే నూలు లోపలికి పోతుంది. రక్తపు మరకకు చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టుకుంటుంది. పచ్చిగడ్డి మరక మీద సబ్బు పెట్టేముందు కాస్త స్పిరిట్ అద్ది చూడండి, ముందు లోపలి మూలన రంగు పోతుందేమో పరీక్షించి. టాకా దారాలు కత్తెరతో కాదు, చేత్తో లాగి తీయాలి. ఇస్త్రీ చేయించి, మడత పెట్టి, వారం లోపు తిరిగి ఇవ్వండి. వదినగారికి ఇంతకుముందు పాడైన చీర బాకీ ఉంది కాబట్టి, ఈసారి ఆమె దగ్గర అడక్కుండా ముందు అది తీర్చండి.